తలుపు లేని టవరు

లెక్కల మాస్టారు టేపు పైకి లాగుతుంటే క్లాసంతా బెంచీల మీదికి ఎక్కేసింది.

"నూట పదహారు... నూట పదిహేడు... నూట పద్దెనిమిది సెంటీమీటర్లు!"

చప్పట్లే చప్పట్లు. అట్టపెట్టెలతో కట్టిన ఆ టవరు నెత్తిన నిజమైన రేడియో యాంటెన్నా తళతళ మెరుస్తోంది. దాని పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది గలగల. ఆ పేరు క్లాసు పెట్టిందే. ఆ పిల్ల నోరు తెరిచిందంటే మళ్ళీ బెల్లు కొట్టేదాకా మూయదు మరి.

"మా తాతయ్య పాత రేడియోది సార్ ఆ యాంటెన్నా! అడగ్గానే ఊడదీసి ఇచ్చేశాడు. మరి నువ్వు పాటలెలా వింటావు తాతయ్యా అంటే, నేనే పాడుకుంటాలే అన్నాడు. వాడు పాడుకుంటే మా నానమ్మ ఇల్లొదిలి పోతుంది సార్!"

"తాతయ్యని వాడు అనకూడదమ్మా," అన్నారు మాస్టారు నవ్వాపుకుంటూ. క్లాసు మాత్రం ఆపుకోలేదు.

వెనక బెంచీ చివరున్న ఒక అమ్మాయి చప్పట్లూ కొట్టలేదు, నవ్వనూ లేదు. ఇంట్లో ఆ అమ్మాయిని మీటరు అంటారు. నాలుగో పుట్టినరోజున నాన్న గోడకి నిలబెట్టి కొలిస్తే సరిగ్గా మీటరు ఎత్తు వచ్చింది. అప్పట్నుంచీ ఆ పేరు అతుక్కుపోయింది. స్కూల్లో మాత్రం ఆమెకి ముద్దుపేరేమీ లేదు. ముద్దుపేరు పెట్టాలంటే ముందు ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

వాళ్ళ నాన్న సర్వేయరు. ఆకాశానికి ఎగబాకే బిల్డింగులు కడుతున్నప్పుడు అవి నిటారుగా లేస్తున్నాయా, ఎంత ఎత్తు లేచాయి అని కొలవడం ఆయన పని. ఒక బిల్డింగ్ పూర్తయితే ఇంకో ఊరు, ఇంకో బిల్డింగ్. మీటరుకి ఇది నాలుగో స్కూలు. వచ్చి మూడు నెలలైనా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ కనపడకుండా తన బ్యాగు అక్కడ పెట్టుకుంటుంది. ఎవరూ కూర్చోలేదు అనుకునే బదులు, బ్యాగు ఉంది కాబట్టి కూర్చోలేదు అనుకోవచ్చు. ఈ ఉపాయం రెండో స్కూల్లోనే కనిపెట్టింది.

"ఇక మిగిలింది ఒక్కటే. నీదమ్మా, తీసుకురా," అన్నారు మాస్టారు.

మీటరు తన టవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. స్కేలుతో గీసి కోసిన నలభై ఎనిమిది కిటికీలు, ఒక్కటీ వంకర లేదు. పైన దళసరి కాగితం చుట్టి చేసిన సూది శిఖరం. రెండు వారాలు కూర్చుని చేసింది. అన్నిటికంటే ఎత్తైన టవరుని స్కూలు గుమ్మం దగ్గరున్న అద్దాల బీరువాలో పెడతారు. అక్కడ పెడితే అందరూ చూస్తారు. చూసి, "ఇది నువ్వే చేశావా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మీటరుకి కావలసింది ఆ ఒక్క ప్రశ్నే.

"తొంభై రెండు," అన్నారు మాస్టారు. "చాలా నీటుగా చేశావు. అయితే మొదటి స్థానం..."

"సార్." తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "యాంటెన్నా లెక్కలోకి రాదు సార్."

క్లాసంతా మీటరు వైపు తిరిగింది.

"ప్రపంచంలో ఎత్తైన బిల్డింగులకి అలాగే లెక్కేస్తారు. శిఖరం బిల్డింగ్‌తో పాటు కట్టింది, అది లెక్క. యాంటెన్నా తగిలించింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పీకేయొచ్చు. అది లెక్క కాదు. మా నాన్న చెప్పారు."

మాస్టారు గడ్డం గోక్కున్నారు. "నిజమేనమ్మా. నేనూ ఎక్కడో చదివాను."

యాంటెన్నా కూడా కలిపి, చిట్టచివరి కొన దాకా కొలిచే లెక్క ఇంకొకటి ఉంది. అదీ నాన్నే చెప్పాడు. ఆ మాట మీటరు నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

మాస్టారు టేపుని యాంటెన్నా మొదట్లో పట్టుకున్నారు. "డెబ్భై ఎనిమిది."

గలగల యాంటెన్నాని ఊడదీసి, గొట్టంలోకి గొట్టం నెట్టి చిన్నది చేసి, జేబులో పెట్టుకుంది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

మీటరు టవరు అద్దాల బీరువాలోకి వెళ్ళింది.

మధ్యాహ్నం లంచ్ బాక్సు పట్టుకుని మీటరు ఆ బీరువా పక్కనే నిలబడింది. పిల్లలు వస్తున్నారు, పోతున్నారు. చివరికి ఒకటో క్లాసు బుడ్డోడు ఒకడు వచ్చి అద్దానికి ముక్కు ఆనించాడు.

"అక్కా, దీన్లోకి ఎలా వెళ్తారు?"

"ఎవరూ వెళ్ళరు. ఇది మోడల్," అంది మీటరు విసుగ్గా.

"ఎవ్వరూనా? అయ్యో!" అనేసి వాడు పరిగెత్తాడు.

మెట్ల దగ్గర గలగల చుట్టూ అయిదారుగురు కూర్చుని తింటున్నారు. మీటరు అటువైపు నాలుగడుగులు వేసేసరికి మాటలు ఆగిపోయాయి. "లెక్కలోకి రాదు సార్," అని ఎవరో సన్నగా వెక్కిరించారు. మీటరుకి ఏడుపు ముంచుకొచ్చింది. నీళ్ళు తాగడానికే వచ్చినట్టు కుళాయి దాకా వెళ్ళి, తాగి, వెనక్కి తిరిగింది.

సాయంత్రం నాన్న గుమ్మంలో బూట్ల సిమెంటు దులుపుకుంటుంటే మీటరు చెప్పింది. "గెలిచాను నాన్నా."

"ఈ మొహంతోనా?" అన్నాడు నాన్న.

దాంతో అంతా చెప్పేసింది, ఒక్క ముక్క తప్ప. నాన్న తిట్టలేదు. నేల మీద ఆమె పక్కన చతికిలబడ్డాడు. పొద్దున్న ఆయన అసలు కనపడడు. ఎండెక్కితే వేడి తగిలిన వైపు సాగి బిల్డింగ్ ఓ రవ్వ వంగుతుంది. అందుకే తెల్లవారకముందే వెళ్ళి కొలవాలి. మీటరు నిద్రలేచేసరికి ఆయన కాఫీ కప్పు మాత్రమే ఉంటుంది.

"యాంటెన్నా సంగతి సరే. నీదాన్ని ఎక్కడి నుంచి కొలిచారు?"

"అడుగు నుంచి."

"అడుగు నుంచి కాదు తల్లీ. మా సైటులో ఒక పక్క మెరక, ఒక పక్క పల్లం. ఏది అడుగు అనుకోవాలి? అందుకే తలుపు దగ్గర మొదలుపెడతాం. మనుషులు బయటి నుంచి నడిచొచ్చే తలుపుల్లో అన్నిటికంటే కిందది. మాకు సున్నా అంటే అక్కడే. మరి నీ టవరు తలుపు ఎక్కడుంది?"

మీటరు కళ్ళు మూసుకుంది. కిటికీలు వరస వరసగా గుర్తొచ్చాయి. తలుపు ఎంతకీ గుర్తురాలేదు, ఎందుకంటే అది లేదు.

బట్టలు మడతపెడుతున్న అమ్మ ఫక్కున నవ్వింది. "నలభై ఎనిమిది కిటికీలు పెట్టి తలుపు మర్చిపోయావుటే? మరి లోపలికి ఎవరొస్తారు?"

"ఎవరూ రారు," అంది మీటరు. "మూడు నెలలైంది అమ్మా. ఒక్కళ్ళు కూడా రాలేదు."

అమ్మ నవ్వు ఆగిపోయింది. చేతిలో చొక్కా పక్కన పడేసి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. అలా చాలాసేపు ఉన్నాక మీటరు ముక్కు తుడుచుకుంది.

"తలుపు లేదని ఎవ్వరికీ తెలీదు నాన్నా."

"తెలీదు," అన్నాడు నాన్న.

మర్నాడు మొదటి పీరియడ్ లెక్కలే. మాస్టారు హాజరు పిలవడం అవ్వగానే మీటరు లేచింది.

"సార్, నా టవరుకి ఎత్తు లేదు."

క్లాసు గొల్లుమంది. మీటరు కూర్చోలేదు. తలుపు సంగతి మొత్తం చెప్పింది. మాస్టారు బీరువా తాళం తీసి ఆ టవరు తెచ్చారు. నాలుగు వైపులా తిప్పి తిప్పి చూశారు.

"అవునర్రా, తలుపే లేదు! నిన్న నాకూ కనపడలేదు చూడండి."

మీటరు గలగల వైపు తిరిగింది. "నీ టవరుకి తలుపుంది. అగ్గిపెట్టె అట్టతో చేశావు, తెరుచుకుంటుంది కూడా. నేను చూశాను. ఇంకోటి... కొన దాకా కొలిచే లెక్క కూడా ఒకటుంది. దాన్లో యాంటెన్నా వస్తుంది. నీది నూట పద్దెనిమిదే. నాకు నిన్నే తెలుసు. కావాలనే చెప్పలేదు."

గలగల "ఊఁ" అని మాత్రం అంది.

ఇంకా జేబులోనే ఉన్న యాంటెన్నా ఆ పిల్ల టవరు మీదికి మళ్ళీ ఎక్కింది. తీరా చూస్తే అది బీరువాలో పట్టలేదు, బీరువా నెత్తిన పెట్టారు. క్లాసంతా దాన్ని మోయడానికి ఎగబడింది. మీటరు తన బెంచీకి తిరిగొచ్చింది.

పక్క సీటులో బ్యాగు ఉంది. మీటరు దానివైపు కాసేపు చూసింది. తర్వాత రెండు చేతులా ఎత్తి కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది.

రెండో పీరియడ్‌లో ఎవరూ రాలేదు. మూడోదాన్లోనూ రాలేదు. బ్యాగు లేని సీటు మునుపటికంటే పెద్దదిగా కనపడింది. ఆ పక్కకి చూడటానికే బాధేసింది. రెండుసార్లు చెయ్యి బ్యాగు దాకా వెళ్ళింది. రెండుసార్లూ వెనక్కి తీసుకుంది.

లంచ్ బెల్లు కొట్టాక ఎవరో తన టవరుని తెచ్చి బెంచీ మీద ఠక్కున పెట్టారు. తలెత్తితే గలగల. ఒక చేతిలో కత్తెర.

"దీన్ని సార్ బల్ల మీదే వదిలేశావు. నేను నీమీద కోపంగానే ఉన్నాను, తెలిసిందా? ఇంటికెళ్ళి మా తాతయ్యకి చెప్తే ఆయనా కోప్పడ్డాడు. కానీ తలుపు లేకుండా ఇదేం టవరు, చూడలేకపోతున్నాను. కిటికీలు మాత్రం భలే కోశావు, ఇవన్నీ నువ్వే చేశావా?"

మీటరు తలూపింది.

గలగల అడక్కుండానే ఖాళీ సీట్లో కూర్చుని కత్తెర తెరిచింది. "ఎంత కోయను? చిన్నదా, పెద్దదా?"

"పెద్దదే," అంది మీటరు, ఆ పిల్లకి చోటు చాలేలా ఇంకొంచెం పక్కకి జరుగుతూ.