చెమ్మ లేని గోడ

ఆ మేస్త్రీని అందరూ రసమట్టం అనేవారు. గోడకి ఆనించి చూసే రసమట్టంలో గాలిబుడగ రెండు గీతల మధ్య నిలిచినట్టే, ఆ మనిషి కూడా అటూ ఇటూ ఒరిగేవాడు కాదు. ఎనిమిదింటికి పని అంటే ఎనిమిదింటికి తాపీ చేతిలో ఉండేది. తాగుడు లేదు, చుట్ట లేదు, రేపు చూద్దాం అన్న మాట లేదు.

ఎన్నో ఇళ్ళకి పూత పూసిన ఆ మనిషి కాపురం మాత్రం ఒక పాత మేడ కింద, వీధి కన్నా మూడు మెట్లు లోతున ఉన్న గదిలో. ఆ గదిలోకి ఎండ ఏనాడూ రాలేదు. నడుము ఎత్తు దాకా గోడలకి ఎప్పుడూ చెమట పట్టి ఉండేది. మూడుసార్లు పూశాడు. మూడుసార్లూ పెచ్చులై రాలింది. చేతనైన పనివాడికి అంతకన్నా అవమానం లేదు.

అవమానం ఒక్కటే అయితే ఓర్చుకునేవాడే. ఏడేళ్ళ కూతురికి ఆయాసం పట్టుకుంది. రాత్రిళ్ళు దాని గుండెల్లో పిల్లికూతలు. రెండు చిన్న కూతలు, తరవాత ఒక పొడుగు లాగుడు. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. అలా కూస్తుందని మేనమామ దానికి పిట్ట అని పేరు పెట్టాడు. ఆ పేరు విని పిల్ల నవ్వేది. తండ్రి నవ్వేవాడు కాదు.

"ఈ చెమ్మగదిలో ఉంచి నన్ను మందులడిగితే లాభం లేదు. చలి ముదిరేలోపు పొడిగా ఉండే ఇల్లు చూసుకోండి. ఇంకో చలికాలం అక్కడ గడిపితే నేను పూచీ ఉండను" అంది డాక్టరమ్మ.

ఇళ్ళు చూపించడమే బావమరిది వృత్తి. వారం తిరక్కుండానే వచ్చాడు.

"బావా, నీ కోసమే కట్టారు ఆ ఇల్లు. మెరక మీద ఉంది. మూడు గదులు, ఎదురెదురు కిటికీలు. గోడ మీద అరచెయ్యి పెడితే అప్పడంలా పొడి!"

"అంత మంచి ఇల్లు ఖాళీగా ఎందుకుంది?"

బావమరిది తల గోక్కున్నాడు. "ఎవరూ నెల నిలవడం లేదు."

"జబ్బులు చేశాయా?"

"అదే విడ్డూరం. ఒక్కరికి తుమ్ము కూడా రాలేదుట. ముసలాయన దగ్గుతో వచ్చి దగ్గు లేకుండా వెళ్ళాడు. అందరూ ఆరోగ్యంగానే ఉండి, ఒకరోజు సామాను కూడా సరిగ్గా సర్దుకోకుండా పోయారు. ఎందుకంటే చెప్పరు."

"నీళ్ళ ఇబ్బందేమో."

"కుళాయి చూశాను. నువ్వొచ్చి గోడ చూడు, మహానుభావా."

"వాన పడ్డ రోజు చూస్తాను."

"అదిగో, మొదలెట్టావా!"

పని నేర్పిన పెద్ద మేస్త్రీ దగ్గర నుంచి వచ్చిన పద్ధతి అది. ఎండలో ఏ గోడైనా మంచిదిగానే కనిపిస్తుంది. వానలో చూడాలి. మధ్యాహ్నం తలుపులు, కిటికీలు బిగించి, గాలి గూళ్ళలో గుడ్డలు కుక్కి, ప్రతి గదిలో కాగితం మీద పిడికెడు ఎండిన ఉప్పు పొయ్యాలి. దీపాల వేళ దాకా మనిషి లోపలే ఉండాలి. ఉప్పు చెమర్చిందా, ఇల్లు పనికిరాదు. మధ్యలో ఎక్కడ తెరిచినా బయటి చెమ్మ లోపలికొచ్చి పరీక్ష చెడుతుంది. అప్పుడు ఇంకో వాన కోసం ఆగాల్సిందే.

వాన వచ్చింది. వానాకాలం అయిపోయింది, ఇదే ఆఖరుదేమోనని అందరూ అనుకుంటున్న రోజది. పిల్ల తల్లి ఆసుపత్రిలో బట్టలుతికే పనికి వెళ్ళింది. ఒక్కదాన్నే ఆ గదిలో వదల్లేక మేస్త్రీ పిల్లని చంకనేసుకుని, పనిసంచీ భుజాన తగిలించుకుని బయలుదేరాడు. మెరక ఎక్కేసరికి పిల్ల గుండెలు కొలిమితిత్తిలా ఎగసిపడుతున్నాయి.

"దీపాల వేళకి గొడుగు తీసుకుని వస్తాను" అన్నాడు బావమరిది. "పిట్టా, మీ నాన్న ఉప్పు నంజుకోకుండా చూసుకో!"

తలుపు మూశాడు. గడియ బిగించాడు. కిటికీలు మూసేసరికి పట్టపగలే లోపల మసక కమ్మింది. ఉప్పు పోశాడు. గాలి గూళ్ళలో ఒక్కొక్కదానిలో గుడ్డ కుక్కాడు. ఎక్కడా బూజు వాసన లేదు. సున్నం వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు. మేస్త్రీకి అది కొంచెం వింతగా తోచింది. మనుషులు ఉండి వెళ్ళిన ఇంటికి ఏదో ఒక వాసన ఉంటుంది.

నడి గదిలో పైపంచె పరిచి పిల్లని కూర్చోబెట్టాడు.

"నాన్నా," అంది కాసేపటికి. "ఇక్కడ నాకు కుయ్యడం లేదు."

గుండెల మీద చెవి పెట్టాడు. నిజమే. రెండేళ్ళలో మొదటిసారి ఆ గుండెల్లో చప్పుడు లేదు. మేస్త్రీ మొహం అటు తిప్పుకున్నాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు పిల్ల ఎప్పుడూ చూడలేదు, చూడకూడదు కూడా.

పిల్ల పడుకుంది. పైకప్పు మీద వాన సన్నగా పడుతోంది. మేస్త్రీ లేచి గదులన్నీ తిరిగాడు. ఉప్పు చెక్కుచెదరలేదు. వేళ్ళ మధ్య ఇసుకలా జారుతోంది. ఎక్కడ ఏ చాప వెయ్యాలో కూడా అనుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

రెండు చిన్న కూతలు. ఒక పొడుగు లాగుడు.

'మళ్ళీ మొదలైందా' అనుకుంటూ నడి గదిలోకి వచ్చి వంగాడు. పిల్ల గుండెల్లో ఏమీ లేదు. నోరు మూసుకుని, ప్రశాంతంగా నిద్రపోతోంది.

రెండు చిన్న కూతలు. ఒక పొడుగు లాగుడు.

పిల్ల తలవైపు గోడలోంచి.

మేస్త్రీ తాపీ పిడితో గోడ మీద కొట్టుకుంటూ వెళ్ళాడు. ఠంగ్... ఠంగ్... గట్టి గోడ. భుజం ఎత్తున ఒకచోట మాత్రం డబ్ మంది. డొల్ల. అక్కడ చెవి ఆనించాడు. గోడ వెచ్చగా ఉంది. మనిషి వీపంత వెచ్చగా.

లోపల కూతురి ఆయాసం. దాని వెనకాల, ఇంకా లోతున, ఎవరో ముసలి మనిషి కఫం దగ్గు. ఇంకెక్కడో ముక్కు మూసుకుపోయిన పసిబిడ్డ గురగుర...

 అయినా కదల్లేదు. ఉన్న మాట చెప్పుకోవాలి, భయం కన్నా ముందు అతనికి ఒక ఆశ పుట్టింది. జబ్బుని గోడ తీసుకుంటే తీసుకోనీ! పిల్ల బాగుంటే చాలదా? గోడ దగ్గితే మనకేం? నాలుగు రోజుల్లో అలవాటు పడమా?

అలా అనుకుంటూ పిల్ల పక్కన కూర్చున్నాడు. దాని పొట్ట వైపు చూశాడు.

పైకి లేచింది. దిగింది.

చాలాసేపటికి మళ్ళీ లేచింది... కొంచెమే.

మెరుగుపెట్టిన తాపీ తీసి పిల్ల ముక్కు దగ్గర పెట్టాడు. రేకు మీద రూపాయి బిళ్ళంత ఆవిరి పట్టింది. ఆరిపోయింది. తరవాత బఠాణీ గింజంత. తరవాత... ఏమీ లేదు. గోడలో మాత్రం ఊపిరి నిండుగా, బలంగా ఆడుతోంది.

జబ్బుని కాదు అది తీసుకునేది.

"పిట్టా! లేవే... అమ్మా, లే!"

తల వాలిపోయింది. ఎత్తుకుని తలుపు దగ్గరికి పరిగెత్తాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

"నాన్నా..."

పిల్ల గొంతే. కానీ భుజం మీదున్న పిల్ల పెదవులు కదల్లేదు.

"తియ్యకు నాన్నా..." గుసగుసగా గోడ అంది. "ఇంకా దీపాలు పెట్టలేదుగా... పరీక్ష చెడిపోతుంది..."

చెప్పడానికి సిగ్గయినా చెప్పాల్సిందే. రసమట్టం చెయ్యి గడియ మీద ఒక్క క్షణం ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా పట్టిన నియమం ఎముకల్లోకి దిగి ఉంది. ఆ ఒక్క క్షణం కోసం తరవాత తన్ను తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

గడియ లాగాడు. తలుపు రాలేదు. కాలితో తన్నాడు. రాలేదు. కిటికీ రెక్కలు లాగితే అవీ అంతే, వానకి చెక్క ఉబ్బినట్టు బిగుసుకుపోయాయి. కానీ ఉప్పు చెమర్చని ఇంట్లో చెక్క ఉబ్బదు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు.

"దీపాలు పెట్టలేదుగా నాన్నా..."

పిల్లని నేల మీద పడుకోబెట్టాడు. సంచీలోంచి సుత్తి తీశాడు. ఉలి తీశాడు. డొల్ల పలికిన చోటికి వెళ్ళాడు.

"నా కూతురికి నియమాలు నేర్పేది నేను," అన్నాడు పళ్ళు బిగించి. "దాని గొంతు దొంగిలించి నాకు నేర్పకు."

ఒక్క దెబ్బ. పూత పగిలింది.

లోపల దగ్గులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

రెండో దెబ్బ. మూడోది. ఇటుక కదిలింది. గోడ వెచ్చదనం మోచేతుల దాకా పాకింది. చెవుల్లో హోరు. తన ఊపిరి కూడా పలచబడుతోంది... కళ్ళ ముందు చుక్కలు... "నా పూతలు రాలాయి కానీ నేనింకా రాలలేదే!" అంటూ మళ్ళీ కొట్టాడు. ఇటుక అవతల బురదలో థపీమని పడింది.

వాన గాలి లోపలికి దూసుకొచ్చింది. చల్లగా, తడిగా, మట్టి వాసనతో, పక్క వీధి మురికికాలువ కంపుతో సహా. కాగితాల మీది ఉప్పు చెమర్చింది. పిల్లని ఎత్తి దాని మొహం ఆ కన్నానికి ఆనించి పట్టుకున్నాడు.

ఒక క్షణం... రెండు...

పిల్ల పొలమారినట్టు దగ్గింది. కళ్ళు తెరిచింది. దాని గుండెల్లో రెండు చిన్న కూతలు, ఒక పొడుగు లాగుడు. ఈ లోకంలో ఏ తండ్రీ కూతురి ఆయాసం విని అంత సంతోషించి ఉండడు.

ఈసారి తలుపు తన్నగానే తెరుచుకుంది. గుమ్మం దగ్గర గొడుగుతో బావమరిది.

"ఇంకా అరగంట ఉందే బావా! నువ్వేనా ముందే తలుపు తీసింది? ఉప్పు ఏమంది?"

"బయటి గాలి తగిలేదాకా పొడిగానే ఉంది."

"మరింకేం! రేపే పాలు పొంగిద్దాం—"

"నాకొద్దు."

"చెమ్మ లేదంటావు, వద్దంటావు. నీకు ఇల్లు చూపించడం నా వల్ల కాదు బాబూ!"

"గాలి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోయే ఇల్లు చూపించు. కారినా సరే. కారేచోట నేను పూసుకుంటాను."

బావమరిది అప్పుడు పిల్ల మొహం చూశాడు. గొడుగు దాని మీద పట్టాడు.

చివరికి కుదిరింది మూడో అంతస్తు మీద ఒక గది. మెట్లెక్కేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి. మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. వానొస్తే ఒక మూల గిన్నె పెట్టాలి. అయితే తెల్లవారితే ఎండ మంచం మీదకి వస్తుంది. పిట్ట కూతలు ఒక్కరోజులో పోలేదు. పిసరంత పిసరంత తగ్గాయి, ఏదైనా నిజంగా తగ్గేటప్పుడు తగ్గినట్టే.

ఒకరి గోడ పగలగొట్టి ఊరుకునే మనిషి కాదు మేస్త్రీ. ఆ వాన తరవాత వచ్చిన తొలి సెలవు రోజున ఇసుక, సిమెంటు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. తాళం చెవి బావమరిది దగ్గరే ఉంది, ఇంకొకరికి ఇవ్వలేదు.

కన్నం లేదు.

ఎవరో నున్నగా పూశారు. లోపలి వైపు నుంచి. అంత చక్కటి పూత తను కూడా ఎప్పుడూ పూయలేదు.

చాలాసేపు చూశాడు. సంచీలోంచి సుత్తి తీశాడు.

"ఎన్నిసార్లు పూస్తావో పూసుకో," అన్నాడు గోడతో. "నేనూ మేస్త్రీనే. రేపు ఇంకో పిల్లని తీసుకుని ఇంకెవరో వస్తారు. వాళ్ళు వచ్చేసరికి ఇక్కడ గాలి ఆడాలి."

ఆ వారం కొట్టాడు. పై వారం చూస్తే పూడి ఉంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పూడింది. "నీకు పిచ్చెక్కింది బావా" అన్నాడు బావమరిది. ఎక్కనీ అన్నాడు. నాలుగోసారి ఇంటి యజమానిని అడిగి, ఇనప చట్రం తెచ్చి, నిలువెత్తు కిటికీ కోసి బిగించాడు. ఊచలు తప్ప రెక్కలు పెట్టలేదు. ఎవరూ మూయడానికి వీల్లేకుండా.

పై సెలవుకి చూడటానికి వెళ్ళాడు. పిల్ల కూడా వస్తానని పేచీ పెడితే, వీధి మొదట్లో మేనమామ దగ్గర నిలబెట్టి, ఇక్కణ్ణుంచి ఒక్క అడుగు వేశావంటే చూడు అని చెప్పి, ఒక్కడే వెళ్ళాడు. ఎండ కాస్తోంది. ఆకు కదలడం లేదు. బయట నిలబడి చూస్తే కిటికీ పెట్టింది పెట్టినట్టే ఉంది. మేస్త్రీ మొదటిసారి తృప్తిగా నవ్వాడు.

కిటికీ ఊచకి ఒక సాలీడు పోగు వేలాడుతోంది. బయటికి ఊగింది. లోపలికి ఊగింది. ఊపిరి తీస్తున్నట్టు, తాపీగా బయటికి... లోపలికి...

"నాన్నా! రా, పోదాం!" వీధి మొదట్నుంచి పిట్ట కేక.

పోగు ఊగడం ఆగింది. మెల్లగా బయటికి లేచింది. ఎవరో కొస పట్టుకుని లాగినట్టు నిటారుగా, పిల్ల గొంతు వచ్చిన వైపుకి సాగి, అలాగే నిలబడింది.

మేస్త్రీ పారిపోలేదు. ఆ పోగుకీ వీధికీ మధ్యకి వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఛాతీ అడ్డం పెట్టి నిలబడ్డాడు.

పోగు అతని భుజం పక్కగా వంగి, మళ్ళీ పిల్ల వైపుకే సాగింది.