పక్క సీట్లో శత్రువు

“పాతకాలం రేసు కార్లు నడపడం వచ్చుగా నీకు?” అడిగాడు చీఫ్ పాండురంగారావు.

“వచ్చు సార్.”

“విస్సన్నపేట దగ్గర మామిడికాయల గోడౌన్‌లో 1908 నాటి రేసు కారుంది. మన మిస్సైల్ చిప్ అందులో దాచి, విక్టర్ అనే విదేశీ గూఢచారి ఇవాళ దేశం దాటిస్తున్నాడు. వాడి ముఠాలో మన ఏజెంట్ యోగిత ఉంది. కోడ్ చెప్తే దారి చూపిస్తుంది.”

మధ్యాహ్నానికల్లా ఏజెంట్ శ్రీమన్నారాయణ దొంగ మీసంతో, పెన్ కెమెరాతో గోడౌన్ ముందు దిగాడు. గుమ్మంలో నల్లకళ్ళద్దాల యోగిత. సినిమా తారలా ఉందంటే నమ్మాలి మరి.

“చిన్న రసాలు వచ్చాయాండీ?”

“అయిపోయాయండీ. బంగినపల్లే ఉంది.”

కోడ్ సరిపోయింది. కాయలు మాగబెట్టే గదిలో ఎర్రకారు మీదికి వంగాడో లేదో, వీపుకి పిస్టల్ తగిలింది.

“సారీ అండీ. నేనిప్పుడు విక్టర్ మనిషిని.”

ఆమె వెనక్కి నడిచి తలుపు చేరేలోగా తలుపు మూసుకుపోయింది. స్పీకర్‌లో విక్టర్ నవ్వాడు. “థాంక్యూ యోగితా. చిప్ నా జేబులో ఉంది. గుడ్‌బై, ఇద్దరికీ.”

మూల ఉన్న సిలిండర్ బుస్సుమంది. అది కాయల కోసం వదిలిన గ్యాస్ కాదని ఇద్దరికీ అర్థమైంది. యోగిత తూటాలన్నీ తాళం మీదే ఖర్చు పెట్టింది. తాళం చెక్కుచెదరలేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పెన్ కెమెరా మాత్రం ఇద్దరి చావునీ చక్కగా రికార్డు చేస్తోంది. శ్రీమన్నారాయణకి ఊపిరి బరువెక్కింది, నిజంగానే భయమేసింది.

గోడ తట్టి చూశాడు. రెండు రేకుల మధ్య థర్మాకోల్. మనుషులకి లొంగదు, కారుకి లొంగొచ్చు. ట్యాంకులో పెట్రోలుంది. కానీ ఆ కాలంలో డ్రైవర్ ఒంటరిగా రేసుకి వెళ్ళేవాడు కాదు. పక్క సీట్లో మెకానిక్ చేతిపంపు కొడుతూనే ఉండాలి, ఆపితే ఇంజిన్‌కి పెట్రోలందదు. కారు బోల్తా పడితే ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు.

“ఎక్కమ్మా. పంపు కొట్టు.”

“బయటపడ్డాక నన్ను అరెస్ట్ చేస్తారా?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. పక్క సీటువాళ్ళకి అబద్ధం చెప్పి బండి నడపడం అతనికి చేతకాలేదు. “చేస్తాను.”

“మరి నేనెందుకు కొట్టాలండీ?”

“ఇక్కడే ఉంటే అరెస్టయ్యే భాగ్యం కూడా ఉండదు.”

ఆమె దగ్గుతూ ఎక్కి పంపు అందుకుంది. అతను ముందుకెళ్ళి హ్యాండిల్ తిప్పాడు. ఇంజిన్ మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. మూడోసారి ఇంజిన్ గర్జించింది.

గోడ చీల్చుకుని కారు మామిడితోటలో పడింది. గాలి, వెలుతురు. ఎదురుగా కాయల ట్రేలు నింపిన విక్టర్ వ్యాను గేటు దాటబోతోంది.

“యోగితా, పంపు ఆపు. నిన్ను తీసుకెళ్తా,” అరిచాడు విక్టర్ కిటికీలోంచి.

ఆమె చెయ్యి ఆగింది. ఇంజిన్ దగ్గింది.

“ఇందాక తలుపేసినోడివి నువ్వేగా,” అంటూ ఆమె మరింత బలంగా కొట్టింది. కారు వ్యాను నడుం మీద గుద్దింది. వ్యాను పక్కకి ఒరిగింది. విక్టర్ కాయల ట్రేల కింద దొరికాడు, చిప్ అతని జేబులో దొరికింది.

యోగిత బొబ్బలెక్కిన చేతులు బేడీలకి చాపింది. “అప్పటి రేసుల్లో పంపు కొట్టినవాళ్ళ పేర్లు ఎవరికైనా గుర్తున్నాయాండీ?”

“ఎక్కడమ్మా. డ్రైవర్ల పేర్లే మిగిలాయి.”

“నా గతీ అంతేనన్నమాట.”

“అబ్బే, నీ పేరు మిగులుతుంది,” అన్నాడు శ్రీమన్నారాయణ బేడీలు వదులుగా వేస్తూ. “ఎఫ్.ఐ.ఆర్.లో.”