ఐదో తరగతి పుస్తకంలో మల్లవ్వ

"వడ్డెరలు ఊరూరా తిరిగే మోటు జనం. వీరికి లెక్కలు తెలియవు. చదువుపై ఆసక్తి లేదు."

పొద్దున్నే గడపలో కూర్చుని అంజమ్మ పాఠం వల్లె వేస్తోంది. రొట్టె కాలుస్తున్న బీరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎవరి గురించే గది?"

"మన గురించే. ఇయ్యాల తప్పు లేకుంట అప్పజెప్తే టీచరమ్మ నా పేరు సంగారెడ్డి హాస్టల్‌కు రాస్తది. అమ్మా, సద్ది నువ్వే తే. నాయినమ్మను పంపకు."

"ఏమైందే?"

"మొన్న వచ్చినప్పుడు గామె ఎవరని దోస్తులడిగిన్రు. తెల్వదన్న."

వాకిలి ఊడుస్తున్న నాయినమ్మ మల్లవ్వ మొహం తిప్పుకుంది. ఆమె కార్ఖానా పునాదులు తవ్వడానికి పాలమూరు నుంచి పటాన్‌చెరు వచ్చి తొమ్మిదేళ్లయింది.

ఆసక్తి లేదంట! మూడో తరగతిలో తన పలక లాక్కుని నెత్తిన మట్టితట్ట పెట్టిన రోజు బీరమ్మకు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

"లే అత్తా, బడికి పోదాం."

"పిచ్చా పిల్లా? సీటు పోతది!"

"పోతే పోనీ!" అంది గానీ లోపల బీరమ్మకూ భయమే. సీటు రాకుంటే వచ్చే ఏడు అంజమ్మ నెత్తికీ తట్టే.

నాగరత్నం టీచరు భర్తకు ఫ్యాక్టరీలో ఉద్యోగమొస్తే గుడివాడ నుంచి వచ్చింది. బడిలో బీరమ్మ ఆ పాఠం గురించి నిలదీస్తే, "పుస్తకం నేను రాశానా బీరమ్మా?" అని విసుక్కుంది.

"రాయలే. చదివిచ్చిన్రు. మా అత్తకు లెక్కలొస్తయో రావో అడుగున్రి!"

పిల్లలు కిసకిస నవ్వారు. టీచరుకూ పంతమొచ్చింది. "గుంత పద్నాలుగు అడుగుల పొడవు, ఆరు వెడల్పు, మూడు లోతు. మట్టెంత అవ్వా?"

"రెండొందల యాభై రెండు అడుగులు," అంది మల్లవ్వ కళ్లు మూసి తెరిచేలోపు. "నడుమ దిబ్బ వదిలిన్రా?"

టీచరు బోర్డు మీద గుణించి చూసింది. సరిగ్గా అంతే! "దిబ్బేంటి?"

మల్లవ్వ బెదిరి కోడలి వెనక్కి జరిగింది. వెనక బెంచీలోంచి అంజమ్మ లేచింది.

"ఎంత లోతు తవ్వినమో కొలిచి సూపెట్టనీకి నడుమ జెర మట్టి అట్లనే ఉంచుతరు టీచరమ్మా. కొలత అయినంక తవ్వేస్తరు. గా మట్టి ఇంకా గుంతలనే ఉంటే లెక్కల తీసెయ్యాలె."

"నీకెవరు చెప్పారు?"

అంజమ్మ మల్లవ్వ వైపు వేలు చూపింది. "మా నాయినమ్మ. గామెనే."

టీచరు పాఠం పుస్తకం మూసి, హాస్టల్ కాగితం తీసి అంజమ్మ పేరు రాసింది.

పిల్ల పరుగున వచ్చి మల్లవ్వ నడుం చుట్టేసుకుంది. "తెల్వదన్న నాయినమ్మా..."

"గిప్పుడు అందరికీ తెల్సింది గద బిడ్డా," అంటూ మల్లవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.