పిన్ని వెంట్రుక

ఆ సాయంత్రం ల్యాబ్‌లో చిట్టి ఒక్కతే ఉంది. పొద్దుటినుంచీ ముసురు పట్టి, మధ్యాహ్నానికే దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. రోడ్లు మునుగుతాయన్న భయంతో మిగతావాళ్లంతా పెందరాళే సర్దుకుని వెళ్లిపోయారు. కింద గేటు దగ్గర వాచ్‌మన్, పైన చిట్టి, అంతే.

ఆ గదిని అందరూ లోహాల గది అంటారు. బొమ్మల మీది రంగు, బావి నీళ్లు, పొలం మట్టి, బియ్యం, మందుబిళ్లలు, ఒక్కోసారి మనిషి గోరు... ఏది వచ్చినా యాసిడ్‌లో కరిగించి, నీళ్లలా చేసి యంత్రానికి తాగిస్తారు. సన్నటి గొట్టం ఒకటి దాన్ని పీల్చుకుని లోపల తెల్లగా మండే జ్వాలలోకి చిమ్ముతుంది. ఏ లోహం ఎంత ఉందో తెర మీద గీతలై లేస్తుంది. చెరువులో చిటికెడు సీసం పొడి కలిపినా పట్టేసుకునే యంత్రం అది.

చిట్టికి ఆ పని నేర్పింది పిన్నే. అమ్మా నాన్నా ఒకేసారి పోతే, ఊహ తెలియని పిల్లను ఒళ్లో వేసుకుని తెచ్చి పెంచింది. చదివించింది. తను పెత్తనం చేసే గదిలోనే ఉద్యోగం వేయించి, పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చెప్పింది. "యంత్రం మాట తర్వాత. ముందు బ్లాంకు చూడు," అనేది. బ్లాంకంటే ఏమీ కలపని శుద్ధమైన నీళ్లు. అందులో ఏ గీతా లేవకూడదు. లేచిందంటే ఎక్కడో మురికి అంటినట్టే.

పిన్ని పోయి మూణ్ణెల్లు దాటింది. అంతకుముందు కొన్ని నెలలు కడుపునొప్పి, వాంతులు, అరికాళ్లలో మంటలు. డాక్టర్లు తలా ఒక జబ్బు పేరు చెప్పారు. ఇప్పుడా గది చిట్టిది. ఇంట్లో తనూ, కుట్టుమిషను ముందు తల వంచుకుని కూర్చునే బాబాయీ మిగిలారు.

బొమ్మల రంగులు మొదలుపెట్టే ముందు చిట్టి బ్లాంకు పెట్టింది.

గీత లేచింది. ఆర్సెనిక్... పాషాణం.

"నా తలకాయ, గొట్టం సరిగ్గా కడగలేదు," అని తనను తనే తిట్టుకుని గొట్టం మార్చింది. కొత్త నీళ్లు పోసింది. ఈసారి గీత ఇంకా పైకి లేచింది. సీసా మార్చింది. ఇంకా పైకి. నీళ్లు పట్టే మిషను దగ్గరికి వెళ్లి, చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ తొడుక్కుని, అప్పుడే పట్టిన నీళ్లు తెచ్చి పెట్టింది. గీత తెర అంచుకు తగిలింది.

అప్పుడొచ్చింది వాసన. వెల్లుల్లి వాసన. తిండి అనేదే లోపలికి రానివ్వని గది అది. ఆర్సెనిక్ వేడెక్కితే అలాంటి వాసనే వస్తుందని చిట్టికి తెలుసు. చివరి రోజుల్లో పిన్ని దగ్గరికి వంగితే ఆవిడ ఊపిరి కూడా అలాగే ఉండేది. అప్పుడు ఆ సంగతి తనకు తట్టనే లేదు.

టక్... టక్...

నమూనాలు అందించే ఇనప చెయ్యి దానంతట అదే కదులుతోంది. వరసలో ఉన్న సీసాలన్నీ దాటుకుంటూ వెళ్లి, చివరి దాని మీద ఆగింది. చిట్టి ఆ సీసా పెట్టలేదు. దగ్గరికి వెళ్లి చూసింది. లోపల నీళ్లు లేవు. చుట్టలా చుట్టిన పొడుగాటి వెంట్రుకలు ఉన్నాయి. సగం తెలుపు, సగం నలుపు. తడిగా ఉన్నాయి. మొదట్లో తెల్లటి కుదుళ్లు... ఇప్పుడే పీకినట్టు.

ఆ వెంట్రుకల ఉంగరాలు చిట్టికి తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? ప్రతి ఆదివారం నూనె రాసి జడ వేసింది తనే.

ఇంకొకరైతే మెట్లు దిగి పారిపోయేవారు. చిట్టి పారిపోలేదు. పిన్ని ఏదో చెప్పాలనుకుంటోంది, చెప్పే దారి ఈ గదిలో ఒక్కటే ఉంది. వెంట్రుకల్ని కుదుళ్ల నుంచి చివరిదాకా ముక్కలుగా కోసింది. వెంట్రుక నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. ఏ నెల ఒంట్లోకి ఏది వెళ్లిందో ఆ నెల ముక్కలో దాక్కుంటుంది. ఒక్కో ముక్కనూ యాసిడ్‌లో కరిగించి యంత్రానికి ఇచ్చింది.

చివర్లలో ఏమీ లేదు. మధ్యలో ఏమీ లేదు. కుదుళ్లకు దగ్గరయ్యే కొద్దీ ఒక మెట్టు... దాని మీద ఇంకో మెట్టు... ఇంకోటి.

జబ్బు కాదు. ఎవరో కొంచెం కొంచెంగా పోశారు.

ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. తను పోయలేదు.

వెనక కుర్చీ కిర్రుమంది. పిన్ని కూర్చునే కుర్చీ. చిట్టి తల తిప్పలేకపోయింది. మెడ మీద చల్లటి ఊపిరి... వెల్లుల్లి వాసన...

"మీ బాబాయి ఇచ్చిన పాలు తాగకు, చిట్టీ."

ఎంతసేపు అలా నిలబడిపోయిందో తెలియదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించి ఉలిక్కిపడింది. గొడుగు దులుపుకుంటూ బాబాయి లోపలికొచ్చాడు. చేతిలో ఫ్లాస్కు.

"వాన తెరిపిచ్చిందని వచ్చానమ్మా. ఇంత పొద్దుపోయినా రాలేదేంటని. పాలు తెచ్చా, వేడిగా ఉన్నాయి. తాగేసి పద."

తన ఫీజుల కోసం పగలూ రాత్రీ మిషను తొక్కిన మనిషి. చిట్టి ఫ్లాస్కు అందుకుని, మూత తీసి, ఆయన కళ్లముందే పాలు సీసాలోకి వంచి, యాసిడ్ పోసి వేడి మీద పెట్టింది. బాబాయి గొడుగు గోడకు ఆనించి నిలబడ్డాడు.

తెర మీద ఏ గీతా లేవలేదు. పాలు శుభ్రంగా ఉన్నాయి.

"నన్నే అనుమానించావు," అన్నాడాయన మెల్లగా.

"పిన్ని వెంట్రుకలో ఆర్సెనిక్ ఉంది బాబాయ్. నెలల తరబడి పోశారు. నువ్వు కాకపోతే ఎవరు?"

ఆయన స్టూలు లాక్కుని కూలబడ్డాడు. "నేనేమీ పోయలేదమ్మా. గ్లాసులు మార్చానంతే."

చిట్టికి అర్థం కాలేదు.

"నా మిషను దగ్గర్నుంచి చూస్తే వంటిల్లు కనబడుతుంది కదా. ఒకరోజు మీ పిన్ని పాలు పోసి, సంచిలోంచి చిన్న సీసా తీసి ఒక గ్లాసులో చుక్కలు వేసింది. ఏ మందో అనుకున్నా. మర్నాడూ వేసింది. ఆ మర్నాడూ. నీకు వాంతులు మొదలయ్యాయి గుర్తుందా? బయటి తిండి పడలేదన్నావు."

"ఆ గ్లాసు..."

"నీదే. మీ ఇద్దరివీ ఒకేలాంటి గ్లాసులు. మీ పిన్ని అటు తిరిగినప్పుడు దానిది నీ ముందుకు జరిపా. నీది దాని ముందుకు."

వెనక నుంచి, చాలా నెమ్మదిగా, "అబద్ధం," అని వినిపించింది. చిట్టికే వినిపించిందో, ఆయనకూ వినిపించిందో... బాబాయి ఒక్క క్షణం ఆ ఖాళీ కుర్చీ వైపు చూసి కళ్లు దించుకున్నాడు.

"ఎందుకు?" అంది చిట్టి. "నన్నెందుకు?"

"మీ ల్యాబ్ పెద్దాయన మీ పిన్నిని పిలిచి, ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి, గది మీ అమ్మాయి చూసుకుంటుంది అన్నాడట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నా చేతులతో పెంచి నా కుర్చీకే ఎసరు తెచ్చుకున్నానండీ అంది. కోపంలో అంటోందిలే అనుకున్నా."

"నాకు చెప్పొచ్చు కదా బాబాయ్."

"చెబితే నమ్మేదానివా? మీ పిన్ని అంటే ప్రాణం పెట్టావు. దాన్ని అడిగితే రేపు నా కంటపడని దారి వెతుక్కునేది. మానేస్తుందేమోనని రోజూ చూశా. మానలేదమ్మా. తన ఒళ్లు కాలిపోతున్నా, చేతులు వణుకుతున్నా, లేచొచ్చి నీ పాలు తనే కలిపేది. ఆ ప్రేమ చూసి నువ్వు కళ్లనీళ్లు పెట్టుకునేదానివి." ఆయన పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు. "ఆఖర్లో దానికి తెలిసిపోయింది. నన్నే చూస్తూ పడుకుంది. నోరు విప్పితే తన సంగతే బయటపడుతుంది. విప్పలేదు."

చిట్టికి ఏడుపు రాలేదు. ఒళ్లో పెట్టుకుని అన్నం తినిపించిన చెయ్యి, చుక్కలు లెక్కపెట్టిన చెయ్యి, రెండూ ఒకటేనని మనసుకు ఎక్కడం లేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఒకరు బతికి ఉన్నారు, ఒకరు లేరు. ఎవర్ని నమ్మాలి?

కత్తెర తీసుకుంది. తన తలలోంచి ఒక పాయ కుదుళ్లకు ఆనించి కత్తిరించింది.

బాబాయి చెప్పింది నిజమైతే, తనకు వాంతులైన నెల ముక్కలో చిన్న గుర్తు ఉండాలి. ముక్కలు కోసి, కరిగించి, ఒక్కొక్కటే పెట్టింది. వాన మళ్లీ అందుకుంది. జ్వాల ఈలలా చప్పుడు చేస్తోంది. కుర్చీలోంచి ఏ అలికిడీ లేదు.

వెంట్రుక కొసల ముక్కలు, ఖాళీ. తర్వాతవి, ఖాళీ. ఆ పైన, కొన్ని నెలల కిందటి ముక్క... చిన్న గీత. దాని తర్వాతవి మళ్లీ ఖాళీ.

బాబాయి నిజమే చెప్పాడు.

చిట్టి ఆయన వైపు తిరిగింది. "క్షమించు బాబాయ్," అంది. ఆయన తల ఊపాడు. "పదమ్మా, ఇంటికి పోదాం," అంటూ గొడుగు తీసుకున్నాడు.

యంత్రం ఆగలేదు. ఇంకా మూడు ముక్కలు మిగిలాయి. కుదుళ్లకు ఆనుకున్నవి. పిన్ని పోయాక పెరిగినవి.

గీత లేచింది.

తర్వాతది ఇంకా పైకి.

ఆఖరిది... అన్నిటికంటే పైకి.

చిట్టి తెర వైపే చూస్తూ ఉండిపోయింది. పిన్ని వెంట్రుకలో చూసిన మెట్లే అవి.

"బాబాయ్," అంది. "రాత్రుళ్లు పాలు ఎన్ని గ్లాసుల్లో పోస్తున్నావు?"

"రెండే కదమ్మా. నీకూ నాకూ." గుమ్మం దగ్గర ఆగాడు. "నేనే నిన్ను అడుగుదామనుకున్నా. బెంగ కొద్దీ చేస్తున్నావేమోనని ఊరుకున్నా. అలమరలో దాచిన మీ పిన్ని గ్లాసు... పొద్దున్నే లేచేసరికి రోజూ కడిగి బోర్లించి ఉంటోంది. ఇంకా తడిగా, వెల్లుల్లి వాసనేస్తూ."

పిన్ని పోయిన రోజునుంచీ చిట్టి ఆ గ్లాసును ముట్టుకోలేదు.