ఖాళీగా తిరిగిరాని సీసా

ఇటు జరుగు బిడ్డా, నా పక్కకు వచ్చి కూర్చో. చేతిలో ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. మన గల్లీ చివర శివలింగప్ప నూనె దుకాణం చూశావు కదా? ఆ దుకాణం గూట్లో, దేవుడి పటం కింద, ఆకుపచ్చని పొడుగు మెడ సీసా ఒకటి ఉంటుంది. వైన్ సీసా. మెడలో లింగం కట్టుకుని, తాగుడు ముట్టనివాళ్ళ ఇంట్లో ఇదేమిటని మన ఖేడ్‌కు కొత్తగా వచ్చినవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు. దాని సంగతి చెప్తాను, విను.

శివలింగప్ప కొడుకు ప్రభులింగ్. అప్పటికి వాడికి పెళ్ళి ఈడు. ఓ శ్రావణం వానలో, నూనె డబ్బా ఒకటి భుజాన పెట్టుకుని మనూర్ బస్సెక్కాడు. ఆ బస్సు కండక్టరు నిస్సీ. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం డ్రైవరు హారన్‌ను మించి ఉంటుంది.

"ఓ సావుకార్! డబ్బా దించు."

"ఎందుకు? టికెట్ తీస్కుంట గదా."

"కారుతున్నది."

"మా డబ్బా కారదు మేడం. మా తాత కాలం నుంచి కారలే."

"మరి నా చెప్పు మీద గీ జిడ్డు మీ తాత పోసిండా?"

బస్సంతా గొల్లుమంది. ప్రభులింగ్ కిందికి చూశాడు. నిజమే, సన్నని ధార ఆమె చెప్పు దాకా పాకి ఉంది.

"బస్సుకు నూనె డిపోల పోస్తరు. నువ్వు పొయ్యనక్కర్లే. దిగు!"

దిగాడు పాపం, నడి తోవలో, వానలో. బస్సు కదిలింది. నాలుగడుగులు పోయాక కిటికీలోంచి ఓ ప్లాస్టిక్ సంచి ఎగిరొచ్చి వాడి కాళ్ళ దగ్గర పడింది.

"తలకు కప్పుకో! జరమొస్తె మళ్ల మా బస్సునే తిడ్తవ్!"

అంతే బిడ్డా. తిట్టిన నోటితోనే తల తడవకుండా చూసుకున్న మనిషిని మరిచిపోవడం ఎవరి తరం? ఆ తరువాత వాడికి రోజూ మనూర్‌లో పనే. మనూర్‌లో ఇంత నూనె ఎవరు తాగుతున్నారని శివలింగప్పకే అనుమానం వచ్చింది.

వానలు పోయి చలి వచ్చేసరికి ఇద్దరి మధ్య పెళ్ళి మాట దాకా వచ్చింది. ఓ నాడు నిస్సీ టికెట్లు కొట్టడం అయ్యాక వాడి సీటు పక్కన నిలబడి చెప్పింది.

"శనివారం మా అమ్మానాయినల పెండ్లయి పాతికేండ్లు. ఇంట్ల ప్రార్థన పెట్టిచ్చుకున్నం. నువ్వు రా. మా నాయిన నిన్ను సూడాలె."

"సూసి?"

"నచ్చకుంటే నువ్వు ప్యాసింజరువి, నేను కండక్టర్ని. గంతే. ఆయన మాట నేను దాట. నా కోసం ఆయన ఏం ఇడిచిపెట్టిండో నాకు ఎర్క."

ఏం విడిచిపెట్టాడో అడిగే తెలివి ఆ క్షణాన వాడికి రాలేదు. కానుక ఏం తీసుకుపోవాలా అన్న పరేషాన్‌లో పడిపోయాడు.

చిన్నప్పుడు ఖేడ్ చర్చి కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూశాడు వాడు. అందరూ మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న చిన్న గ్లాసుల్లో ఎర్రనిదేదో కళ్ళు మూసుకుని తాగారు. అది వైన్ అని పక్కవాడెవడో చెప్పాడు. ఆ మాట వాడి మనసులో అలాగే ఉండిపోయింది. క్రైస్తవుల ఇంటికి అంతకంటే గొప్ప కానుక ఏముంటుంది?

మొదట ఖేడ్‌లోనే వైన్స్ అని బోర్డున్న దుకాణానికి వెళ్ళాడు, ముఖానికి రుమాలు కట్టుకుని. వైన్ కావాలంటే లోపలివాడు నవ్వాడు.

"బోర్డు మీద ఉంటది గని లోపల ఉండదు తమ్మీ. గీ దుకాణంల వైన్ అడిగినోడివి నువ్వే."

ఇక పట్నం పోయాడు. అద్దాల దుకాణం, చల్లటి గాలి, గోడ నిండా సీసాలు. అమ్మే అతను ఓ సీసాను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి చూపించాడు.

"ఇది బాగా పాతది సార్. అందుకే రేటెక్కువ."

"పాతదా! మా దుకాణంల నూనె పాతదైతే ముక్కిపోయిందని సబ్బులోళ్ళకు పోస్తం. నువ్వు పాతదానికే ఎక్కువ తీస్కుంటవా?"

"వైన్ అట్లనే సార్."

"మూత తియ్యి, వాసన సూస్త."

"తీస్తే కొనాలి సార్."

పుట్టి బుద్ధెరిగి తాగుడు ముట్టని పిల్లవాడు ఎలా ఎంచుకుంటాడు? తనకు తెలిసిన పద్ధతిలోనే ఎంచాడు. ఒక్కో సీసా ట్యూబులైటుకు ఎదురుగా పట్టాడు. వంచాడు, తిప్పాడు. అడుగున మడ్డి ఉన్నవి పక్కన పెట్టాడు. తేటగా, నెమలి మెడలా మెరిసేది ఒకటి దొరికింది. సీసా కూడా అందంగా ఉంది, ఖాళీ అయ్యాక ఇంట్లో పనికొస్తుందనుకున్నాడు.

శనివారం మనూర్‌లో నిస్సీ ఇల్లు బంధువులతో కళకళలాడుతోంది. తెల్ల చొక్కా వేసుకున్న ప్రభులింగ్, నిస్సీ తండ్రి ప్రేమదాసు ముందుకు వెళ్ళి, వంగి, రెండు చేతులతో కానుక ఇచ్చాడు. ప్రేమదాసు మీది కాగితం విప్పాడు.

ఛాయ్ పళ్ళెం పట్టుకొస్తున్న నిస్సీ తల్లి లీలమ్మ ఎక్కడికక్కడ ఆగిపోయింది. నిస్సీ వాడి చెయ్యి పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయింది.

"ఏంది గిది?"

"వైన్. పట్నంలనే మంచిది."

"మా నాయినకు తాగుడు తెచ్చినవా? నేను కడుపుల ఉన్నప్పుడు మా అమ్మ ఏడ్వని దినం లేదు. నేను పుట్టినంక చర్చిల ఒట్టు పెట్టిండు, మళ్ల ముట్టలే. కిరస్తానోళ్ళంటే తాగుతరని మీ గల్లీలోళ్ళు అనుకునేదే నువ్వు గూడ అనుకున్నవ్!"

ఆమె కళ్ళలో నీళ్ళు.

"తాగుడు అనుకోలే నిస్సీ. మీ దేవునిది అనుకున్న. మీ చర్చిల అందరు మోకాళ్ళ మీద కూసోని తాగుతుంటే కిటికీలకెల్లి సూసిన. మా ఇంట్ల తీర్థం ఎట్లనో గట్లనే అనుకున్న. మీ నాయినకు తీర్థం కన్న పెద్దది ఏం తేవాలె నేను?"

తలుపు చాటు నుంచి లీలమ్మ పలికింది.

"చర్చిల తాగేది వైన్ గాదు కొడకా. నల్ల ద్రాక్షలు ఉడకపెట్టి వడగట్టిన రసం. మా చర్చికి నేనే చేస్త."

ఆమె వెనకే ప్రేమదాసు వచ్చాడు, చేతిలో సీసాతో.

"నువ్వు తాగుతవా పిలగా?"

"వాసన గూడ సూడలే కాకా."

"మరి ఎట్ల ఏరినవ్?"

"నూనె ఏరినట్టే. లైటుకు పెట్టి సూసిన. మడ్డి లేదు కాకా, ఒట్టు!"

ప్రేమదాసు ఒక క్షణం వాడి ముఖంలోకి చూశాడు. ఆ తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. కండువాతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. నిస్సీ మూతి బిగించుకుని నిలబడింది గానీ ఆమెకూ నవ్వు ఆగలేదు.

సీసా మూత తీయడం ఎవరికీ తెలియదు. స్క్రూ డ్రైవర్‌తో పొడిస్తే బెండు కాస్తా సీసాలోకే పోయింది. ప్రేమదాసు జామచెట్టు మొదట్లో సీసా వంచాడు. ఘాటైన వాసన లేచింది. లీలమ్మ చూపు మొగుడి చేతి మీదే ఉంది. ఆ చెయ్యి వణకలేదు. ఆఖరి చుక్క దాకా ఒంపి, ఆమె వైపు చూసి తల ఊపాడు. పాతికేళ్ళ పండుగ నాడు ఆ తల్లికి అంతకన్న పెద్ద కానుక లేదు బిడ్డా.

"పిలగాడు ఎరగక తెచ్చిండు గని ప్రేమతోటే తెచ్చిండు," అన్నాడు ప్రేమదాసు. "నాకైతే నచ్చిండు. ఇగ మీ అమ్మానాయిన ఏమంటరో అడుగు, పో."

లీలమ్మ సీసాను ఉడుకు నీళ్ళతో కడిగి, ద్రాక్షరసం నింపి, మొక్కజొన్న బెండు బిగించి వాడి చేతిలో పెట్టింది. "మీ అమ్మకు ఇయ్యి. ఇంటికొచ్చిన సీసా ఖాళీగ పంపుతమా?"

ఆ సీసా పట్టుకుని ఖేడ్ బజారంతా నడిచాడు మన ప్రభులింగ్! దుకాణం గడప మీదే శివలింగప్ప పట్టుకున్నాడు.

"లింగం కట్టిన మెడతోని సీసా పట్కొని బజార్ల తిరుగుతవారా!"

తల్లి మహాదేవి వచ్చి సీసా లాక్కుంది. వాసన చూసింది, అరచేతిలో చుక్క వేసుకుని నాకింది.

"ఛలో అద!" బాగుందని ఆమె కన్నడంలో అనేసింది. "ఎవరు చేసిండ్రు?"

"లీలమ్మ."

"ఏ లీలమ్మ?"

"నిస్సీ వాళ్ళమ్మ."

"ఏ నిస్సీ?"

"మనూర్ బస్సు కండక్టరు," అన్నాడు ప్రభులింగ్ నేల చూపులు చూస్తూ. ఆమెకు అంతా అర్థమైంది, శివలింగప్పకూ అర్థమైంది.

"ఆ పిల్ల నా గడప తొక్కదు," అన్నాడు ఆయన.

"పిల్ల సంగతి తర్వాత. సీసా వాపస్ పోవాలె గదా? ఖాళీగ పంపుతమా?" అంటూ మహాదేవి కుసుమ నూనె పోసింది.

ఇక చూడు! సీసా నిస్సీ బస్సులో మనూర్ పోయేది, నిస్సీ బస్సులోనే తిరిగొచ్చేది. అటు నుంచి తేనె, ఇటు నుంచి నెయ్యి. అటు నుంచి ద్రాక్షరసం, ఇటు నుంచి నువ్వుల నూనె. ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు గానీ ఒకరి చేతి రుచి మరొకరికి తెలిసిపోయింది. శివలింగప్ప మాత్రం తేనె అన్నంలో కలుపుకునేవాడు, అది ఎక్కడిదని అడిగేవాడు కాడు.

ఆ తరువాత మహాదేవి చెల్లెలి కానుపుకని బీదర్ వెళ్ళి చాలా రోజులు ఉండిపోయింది. గూట్లో సీసా ఖాళీగా మిగిలింది, లోపల ఆ పాత బెండుతో. శివలింగప్ప లెక్కలు చూస్తూ దాని వైపు చూసేవాడు. అన్నం తింటూ చూసేవాడు. ఓ పొద్దున ఇక కూర్చోలేకపోయాడు.

"పరాయోళ్ల సీసా ఖాళీగ పెట్టుకోని ఎన్నొద్దులు కూసుంటం?" అని తనలో తనే గొణుక్కుంటూ, కొత్తగా పట్టిన కుసుమ నూనె వడగట్టి పోశాడు. వెలుగుకు పెట్టి చూశాడు. ఉతికిన ధోవతి కట్టుకుని తనే మనూర్ బస్సెక్కాడు.

నిస్సీ ముందు సీసాను గుర్తుపట్టింది, ఆ తరువాత మనిషిని. గొంతు మాత్రం తగ్గించలేదు.

"సీసా కారదు గదా కాకా?"

"మా నూనె కారదు బిడ్డా."

అన్నాడో లేదో, బస్సు గుంతలో పడింది. మొక్కజొన్న బెండు ఊడి, నూనె వెళ్ళి సరిగ్గా నిస్సీ చెప్పు మీద పడింది. నిస్సీ చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది.

"కారలే కాకా."

"నాకు కండ్లు లేవా? కారింది."

"మా ఇంటికి పోయేదే గదా. తొవ్వల కొంచెం నాకు ముట్టింది, గంతే."

శివలింగప్ప ధోవతి చెంగుతో సీసా తుడిచి, బెండు మళ్ళీ బిగించాడు. ఆ తరువాత మెల్లిగా సీటులో పక్కకు జరిగాడు.

"కూసో బిడ్డా. పొద్దటి నుంచి నిలబడే ఉన్నవ్. మీ నాయిన ఇంట్లనే ఉంటడా?"

"ఉంటడు, మామా," అంది నిస్సీ.

పెళ్ళి రిజిస్ట్రార్ ఆఫీసులో అయింది. ఒక పూట భోజనం మనూర్‌లో, మరో పూట ఖేడ్‌లో. అదిగో, ఆ సీసా ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, బెండు గలగలమంటుంటే.

గుర్తు పెట్టుకో బిడ్డా. రేపు నీ వాళ్ళకు నువ్వే చెప్పాలి. ఏది మరిచినా సరే, వానలో ఎగిరొచ్చిన ఆ ప్లాస్టిక్ సంచిని మాత్రం మరవకు. చెప్పేటప్పుడు అక్కడ ఒక్క క్షణం ఆగి చెప్పు.