మూడో లెవెల్ దాటని వైద్యురాలు

నేను తొమ్మిది నెలలు కష్టపడి తీర్చిదిద్దిన వైద్యురాలిని ఆమె పది నిమిషాల్లో చంపేసింది. అదీ నా కళ్లెదుటే, చిప్స్ నములుతూ.

"పోయింది," అంది, కంట్రోలర్ బల్ల మీద పెట్టేసి.

ఆమె మా గేమ్ కంపెనీలో టెస్టర్. బాగోలేని దాన్ని జాలి లేకుండా తీసేయిస్తుందని అందరూ వెనకాల 'కత్తెర' అంటారు. నేను డిజైనర్ని. మా ఆటలో యోధుడు, వేటగాడు, వైద్యురాలు అని మూడు క్లాసులు. ఆడేవాళ్లు ఒకటి ఎంచుకుని, లెవెల్ ఎక్కుతున్నకొద్దీ కొత్త మంత్రాలు సంపాదించుకోవాలి. ఆ మంత్రాలన్నీ నా బుర్రలోంచి పుట్టినవే.

"ఒక గాయం మాన్పితే ఈవిడ ప్రాణంలోంచి పది పాయింట్లు పోతాయా?"

"అవునండీ."

"లెవెల్ పెరిగితే?"

"ఇరవై. తర్వాత నలభై. అది త్యాగం."

"త్యాగం కాదు, తిక్క. ముప్పై మందితో ఆడించాను. మూడో లెవెల్లోపే అందరూ విసుగెత్తి యోధుల్లోకి దూకేశారు. శుక్రవారంలోగా మార్చకపోతే ఈ క్లాస్ తీసేయమని రాస్తాను."

నాకు ఒళ్లు మండింది. ఆ వైద్యురాలు మా అక్క. నడక, జడ, మాట తీరు అన్నీ అక్కవే. అమ్మానాన్నలు పోయాక నర్సుగా డ్యూటీ మీద డ్యూటీ చేసి నన్ను పెంచింది అక్కే. ఆ మాటే అనేశాను, కాస్త గట్టిగానే.

కత్తెర నమలడం ఆపింది. నా మీద విరుచుకుపడుతుందని భయపడ్డాను.

"అయితే మీ అక్కగారితోనే ఆడిద్దాం," అంది మెల్లగా.

ఆదివారం మా ఇంటికి వచ్చేసరికి వానలో తడిసి ముద్దయింది. గుమ్మంలో జుట్టు పిండుకుంటూ నవ్వితే, తువ్వాలు ఇవ్వాలన్న సంగతి కూడా నాకు తోచలేదు. అక్కే అందించింది, నా వంక అదోలా చూస్తూ.

అక్క సోఫాలో కాళ్లు ముడుచుకుని ఆడింది. రెండో లెవెల్లోనే చతికిలపడింది.

"ఇదేంట్రా? ఇది నేనా?"

"నువ్వే అక్కా. అందరికీ ఇచ్చీ ఇచ్చీ..."

"ఇచ్చీ ఇచ్చీ చచ్చిపోయానా? నీకెవడు చెప్పాడు? డ్యూటీలో తూలితే పక్క నర్సు నన్ను కూర్చోబెట్టి టీ తాగించేది. మంచం దిగలేనివాడు లేచి నాలుగడుగులు వేస్తే నాకు ఎక్కడలేని ఓపికా వచ్చేది. అవన్నీ ఏవిరా ఇందులో?"

ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. అక్క ఇచ్చిందే చూశాను గానీ, అక్కకి ఎవరేం ఇచ్చారో ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది.

"గాయం మానినవాడు మళ్లీ లేచి పోరాడుతుంటే, వైద్యురాలి ప్రాణం తిరిగి నిండితే?" అంది కత్తెర.

"ఆమె లెవెల్ పెరిగేకొద్దీ తోడు వచ్చేవాళ్లూ పెరగాలి," అన్నాను.

"ఊ, రాయండి మరి!"

అక్క ఎప్పుడు లోపలికి వెళ్లిందో మేమిద్దరం గమనించనేలేదు. సోమవారం నుంచి నాలుగు రోజులూ మంత్రాలు మార్చడం, పోట్లాడుకోవడం, మళ్లీ మార్చడం. కోప్పడుతున్నా ఆమె అందంగానే ఉంటుందని నాకు తెలిసిపోయింది. అంటే నా పని అయిపోయిందన్నమాట.

శుక్రవారం మళ్లీ ముప్పై మంది ఆడారు. మూడో లెవెల్ దాటినా ఒక్కరూ వైద్యురాలిని వదల్లేదు. పదో లెవెల్ దగ్గర యోధులు కూడా క్లాస్ మారతామని గోల పెట్టారు. 'ఉంచాలి' అని రాసి, కత్తెర సంతకం చేసింది.

గది ఖాళీ అయ్యాక గొంతు సవరించుకున్నాను.

"మీకో మాట చెప్పాలండీ. ఎవర్నీ ఏమీ అడక్కుండా బతకడమే గొప్పనుకునేవాణ్ణి. ఇవాళ అడుగుతున్నాను. మీరంటే నాకు ప్రాణం. నాకు తోడుగా ఉంటారా?"

ఆమె తాపీగా సంచి సర్దుకుంది.

"ఆదివారం నేను బయల్దేరుతుంటే మీ అక్కగారు తనని 'అక్కా' అని పిలవమన్నారు, తెలుసా?"

"పిలిచారా?"

"లేదు."

నా మొహం వాడిపోయింది. ఆమె అది తీరిగ్గా చూసి, సంచి భుజాన వేసుకుంది.

"వదినా అని పిలిచి వచ్చాను."