తొకుజి ఇంటి పొగగొట్టం

ఆ ఉదయం మంచుపురుగులు పెరట్లో తెల్లగా ఎగురుతున్నాయి. అవి కనబడితే పదిరోజుల్లో మంచు పడుతుందని హొక్కైడోలో పసిపిల్లలకీ తెలుసు. మినోరికి కాలు ఒకచోట నిలవలేదు. పొడుగాటి బ్రష్షులు, తాడు, నిచ్చెన గుమ్మం దగ్గర పెట్టుకుని, తల్లి ఇచ్చిన మిసో పులుసు నిలబడే తాగేసింది.

సప్పొరోలో బీమా ఆఫీసు ఉద్యోగం మానేసి, అసాహికావాలో ఒక ముసలాయన దగ్గర ఆరు నెలలు పొగగొట్టాలు శుభ్రం చేసే పని నేర్చుకుంది మినోరి. సొంత ఊళ్లో నలభై ఇళ్లలో చలికాలమంతా ఇనప పొయ్యిలో కట్టెలు మండాల్సిందే. కానీ కన్నతండ్రే తన ఇంటి కప్పు ఎక్కనివ్వకపోతే ఇంకెవరు ఎక్కనిస్తారు? ఈ ఇల్లు ఒప్పుకుంటేనే ఆమెకు ఆ ఊళ్లో పని.

"ఒక్క అరగంట నాన్నా. ఎక్కి దిగిపోతాను."

"అక్కర్లేదు. నేనే ఊడ్చేశాను," అన్నాడు తొకుజి.

"ఎప్పుడు?"

"ఎప్పుడైతే నీకెందుకు? నలభై ఏళ్లుగా ఈ పొయ్యి నా చేతుల్లో ఉంది. ఇప్పుడు నువ్వొచ్చి నేర్పుతావా?"

"కట్టెలు మిగలాలని రాత్రంతా గాలి మూసేసి మగ్గబెడతావు కదా! అలా చేస్తే గొట్టం నిండా తారు పేరుకుని, ఓ రోజు అదే అంటుకుంటుందని మా గురువుగారు..."

"మీ గురువుగారు వచ్చి నాకు కట్టెలు కొట్టిపెడతాడేంటి?"

వంటింట్లోంచి తల్లి సుమియె నవ్వింది. "పోనీ ఎక్కనివ్వండి. పిల్ల ఎక్కితే కప్పేమన్నా అరిగిపోతుందా?"

తొకుజికి ఒళ్లు మండిపోయింది. బుట్టలోంచి దోసెడు భూర్జ చెట్టు బెరడు తీసి పొయ్యిలో కుక్కాడు. తడిలో కూడా భగ్గుమనే బెరడు అది. "గొట్టం బాగుందో లేదో ఇప్పుడే చూడు!" అంటూ అగ్గిపుల్ల గీశాడు.

"నాన్నా, ఆగు!"

అప్పటికే మంట లేచింది. తొకుజి గెలిచినట్టు చూశాడు. ఆ చూపు పది నిమిషాలే. గొట్టంలో హోరు మొదలైంది, ఇంటి మీంచి గూడ్సుబండి పోతున్నట్టు. అతుకు దగ్గర ఇనుము ఎర్రబడింది. కంచె అవతలి నుంచి పొరుగాయన హాగా కేక పెట్టాడు. "తొకుజీ! మీ గొట్టంలోంచి నిప్పురవ్వలు!"

తొకుజి నీళ్ల బకెట్ ఎత్తాడు.

"నీళ్లు వద్దు! ఇనుము పగులుతుంది, ఆవిరి మొహం మీదికి కొడుతుంది!" మినోరి బకెట్ లాగేసుకుంది. పొయ్యి తలుపు బిగించి, కింద గాలి రంధ్రం పూర్తిగా మూసేసింది. "అమ్మా, బయటికెళ్లి ఫైరింజన్ కి ఫోన్ చెయ్యి! నాన్నా, నువ్వూ నడు!"

కూతురు అలా గద్దిస్తే తొకుజి గబగబా బయటికి నడిచాడు. ముగ్గురూ పెరట్లో నిలబడి గొట్టం వైపే చూస్తున్నారు. హోరు మెల్లగా తగ్గింది. ఫైరింజన్ వచ్చేసరికి పొగే మిగిలింది. ఫైరింజన్ వాళ్లు గోడలూ అటకా తడిమి చూసి, గాలి మూయకపోయి ఉంటే కప్పు అంటుకునేదని, గొట్టం శుభ్రం చేసి అతుకులు మార్చేదాకా పొయ్యి ముట్టించొద్దని చెప్పి వెళ్లారు.

తొకుజి మెట్టు మీద కూలబడ్డాడు. మినోరి పక్కన కూర్చుంది.

"కప్పెక్కి ఎన్నాళ్లయింది నాన్నా?"

"రెండేళ్లు. మోకాళ్లు ఒప్పుకోవట్లేదు."

"చెప్పొచ్చు కదా!"

"చెబితే నువ్వెక్కుతావు." ఆయన కప్పు వైపు చూపించాడు. "దాని మీద నేను రెండుసార్లు జారాను. మీ అమ్మకి కూడా తెలీదు. నువ్వు నలభై కప్పులెక్కుతానంటే నాకు నిద్ర పడుతుందా?"

ఇన్నాళ్లూ అది పంతమే అనుకుంది మినోరి. కళ్లనీళ్లు ఆగలేదు. నడుం పట్టీ, తాడు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "ఇది లేకుండా మా గురువుగారు నన్ను ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. నువ్వే లాగి చూడు."

తొకుజి మూడుసార్లు లాగి చూశాడు. తర్వాత తన చేతుల్తోనే ఆమె నడుముకి బిగించాడు.

గొట్టం చల్లారాక మినోరి ఎక్కింది. పైనుంచి నల్లటి పెచ్చులు రెండు బకెట్ల నిండా రాలాయి. ఆనందం పట్టలేక కప్పు మీంచే ఊరంతా వినబడేలా అరిచింది. "అమ్మా, అయిపోయింది!"

"మా ఇంటికెప్పుడొస్తావు మినోరీ?" కంచె మీంచి హాగా అడిగాడు.

ఆమె జవాబిచ్చేలోపే కిందినుంచి తొకుజి అందుకున్నాడు. "వరసలో ఉండవోయ్! ఎల్లుండి వస్తాం. నిచ్చెన పట్టుకోడానికి నేనుంటాను."

ఆయన రెండు చేతులూ నిచ్చెన మీదే ఉన్నాయి. కూతురి కాళ్లు నేల తాకేదాకా వదల్లేదు.